టీచర్లు ఆన్‌లైన్ కోర్సు సరిగ్గా చేయడం ఎలా: చేరే ముందు నుంచి సర్టిఫికెట్ దాకా, ఆ తర్వాత తరగతిలో కూడా

"వీడియోలన్నీ చూశాను సార్, సర్టిఫికెట్ మాత్రం రాలేదు." "చివరి తేదీ నిన్నటితో అయిపోయిందంట, ఇప్పుడెట్లా?" "మంచి కోర్సు ఏదైనా ఉంటే చెప్పండి మేడమ్." కర్నూలు, అనంతపురం, కడప టీచర్ల నోట తరచూ వినే ప్రశ్నలివి. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అంతా వరుసగా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

ముందే ఒక మాట. కోర్సు చేసినందుకు మీ తరగతిలో ఏదో ఒకటి మారాలని కోరుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సర్టిఫికెట్ ఒక్కటే కావాలనుకుంటే 3, 7, 8 భాగాలు చదువుకుంటే సరిపోతుంది, మిగతాది మీకు సాగదీతలా అనిపిస్తుంది.

1. ముందు ఇబ్బంది, తర్వాతే కోర్సు

చాలామంది కోర్సుల యాప్ తెరవగానే పైన ఏది కనిపిస్తే దాంట్లో చేరిపోతారు. గ్రూపులో ఎవరో లింకు పెడితే దాంట్లోనూ చేరతారు. నెల తిరిగేసరికి నాలుగు కోర్సులు సగం సగం ఆగిపోయి ఉంటాయి, ఏది దేనికోసం మొదలుపెట్టామో కూడా గుర్తుండదు.

అందుకని యాప్ జోలికి పోకుండా ఒక వారం మీ తరగతిని మాత్రమే చూడండి. ఎక్కడ పిల్లలు ఆగిపోతున్నారు, ఎక్కడ మీకు విసుగొస్తోంది, ఏ పాఠం వచ్చేసరికి మీరే తప్పించుకోవాలని చూస్తున్నారు? చివరిది కాస్త ఇబ్బందికరమైన ప్రశ్నే, కానీ కోర్సు ఎంచుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చేది అదే.

చూసినదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "పిల్లలకు లెక్కలు రావు" అని రాస్తే దానికి ఏ కోర్సూ సరిపోదు. "మూడో తరగతిలో సగం మంది 52లోంచి 27 తీసేయమంటే 35 అంటున్నారు" అని రాస్తే ఏం వెతకాలో వెంటనే తెలిసిపోతుంది.

మన వైపు బడుల్లో ఇలాంటి వాక్యాలకు కొదవ లేదు:

- కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయిన కుటుంబాల పిల్లలు నెలల తర్వాత బడికొస్తున్నారు, వాళ్లను ఏ పాఠం దగ్గర అందుకోవాలో తెలియడం లేదు.
- ఆలూరు, హాలహర్వి వైపు ఇంట్లో కన్నడ, తండాల్లో లంబాడీ, ఆదోని, కడప పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు వినగానే నోరు మెదపడం లేదు.
- నేనొక్కడినే, తరగతులు మూడు. ఒక తరగతికి చెబుతుంటే మిగతా రెండూ గోల.
- పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంది, పిల్లలు తెలుగు పేజీ తప్ప రెండోది తిప్పి చూడడం లేదు.

ఇందులో ఒక్కటి ఎంచుకోండి. ఒక్కటే. మిగతావి ఎక్కడికీ పోవు.

2. ఎక్కడ వెతకాలి, ఎలా వడపోయాలి

మన టీచర్లకు మొదటి దారి దీక్ష, అంటే బడి చదువుల కోసం ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వేదిక. టీచర్ల జాతీయ శిక్షణ కార్యక్రమమైన నిష్ఠ కోర్సులు ఉండేది అందులోనే. వాటి అంకెలు చాలామందికి తికమక: మొదటిది ఎలిమెంటరీ టీచర్లకు, రెండోది సెకండరీ వాళ్లకు, మూడోది పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం మీద, నాలుగోది పూర్వ ప్రాథమిక దశ మీద. ఇవి ఒకటి అయ్యాక ఒకటి చేయాల్సిన మెట్లు కావు. ఒకటో తరగతికి చెప్పే టీచర్ నేరుగా మూడోదానికి వెళ్లొచ్చు. కాకపోతే ఏ బ్యాచ్ ఇప్పుడు తెరిచి ఉందో చూసుకోవాలి.

రెండోది స్వయం, ఇది కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక. చేరడం, చదువుకోవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం సాధారణంగా ఫీజు ఉంటుంది, దానికి విడిగా రిజిస్టర్ కావాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చాలా కోర్సులు వారం వారం నడుస్తాయి, అసైన్‌మెంట్లకు గడువు ఉంటుంది, కాబట్టి పూర్తిగా మన ఇష్టం వచ్చినట్టు చేసుకునేవి కావు. టెన్త్ స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో గడువులు పడితే అంతే సంగతులు.

ఇంగ్లీషు బోధన మీద కావాలంటే బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లీష్‌లో చిన్న చిన్న మాడ్యూళ్లు ఉన్నాయి. ఇంగ్లీషులో చదవడానికి ఇబ్బంది లేనివాళ్లకు బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌లెర్న్ కూడా బాగుంటుంది, అది నిజంగా మన వేగంతో నడిచేది. అయితే ఇలాంటి బయటి సర్టిఫికెట్లు మీ శాఖ లెక్కలోకి వస్తాయా లేదా అన్నది చేరకముందే హెచ్‌ఎం గారినో, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులోనో అడిగి తెలుసుకోండి. చేశాక అడిగితే ప్రయోజనం లేదు.

చేరే బటన్ నొక్కే ముందు ఇవి చూడండి:

- నేను రాసుకున్న వాక్యానికి, ఈ కోర్సులో కనీసం ఒక మాడ్యూల్‌కు సంబంధం ఉందా?
- చేరడానికి చివరి తేదీ ఏది, పూర్తి చేయడానికి చివరి తేదీ ఏది? రెండూ వేరు వేరుగా ఉంటాయి.
- మొత్తం ఎన్ని గంటలు?
- తెలుగులో ఉందా? వీడియో తెలుగులో ఉండి అసెస్‌మెంట్ ఇంగ్లీషులో ఉందేమో కూడా చూడండి.
- సర్టిఫికెట్‌కు షరతులేంటి? అన్నీ చూస్తే చాలా, ఇన్ని మార్కులు కూడా రావాలా?

3. లాగిన్, ప్రొఫైల్: అరగంట ఇక్కడ పెట్టండి

సర్టిఫికెట్ రాలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంటుంది.

ఒక మనిషికి ఒకే ఖాతా. శాఖ చెప్పిన స్టేట్ సిస్టమ్ లాగిన్‌తో ఒకసారి, సొంత జీమెయిల్‌తో ఇంకోసారి లోపలికి వెళితే దీక్ష దృష్టిలో మీరు ఇద్దరు. సగం వీడియోలు ఒకరి ఖాతాలో, మిగతా సగం ఇంకొకరి ఖాతాలో పడతాయి, ఇద్దరిలో ఎవరికీ కోర్సు పూర్తి కాదు. శాఖ కోర్సు అయితే శాఖ చెప్పిన లాగిన్‌తోనే వెళ్లండి, అదే చివరిదాకా వాడండి.

సర్టిఫికెట్ మీద ప్రొఫైల్‌లో ఉన్న పేరే వస్తుంది. సర్వీస్ రిజిస్టర్‌లో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరు, ఇనీషియల్ అదే వరుసలో ఉండాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మేడమ్‌లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. ఒకసారి సర్టిఫికెట్ వచ్చాక పేరు సరిచేయించడం పెద్ద తలనొప్పి.

కోర్సులో చేరేటప్పుడు మీ వివరాలు కోర్సు నిర్వాహకులతో పంచుకోవచ్చా అని ఒక పెట్టె వస్తుంది. చదవకుండా వద్దని నొక్కేస్తే మీరు కోర్సు చేసినా పై ఆఫీసు జాబితాలో కనిపించకపోవచ్చు. శాఖ కోర్సులకు సరేనని నొక్కండి.

- పేరు సర్వీస్ రిజిస్టర్‌తో సరిపోయింది
- జిల్లా, మండలం, బడి సరిగ్గా ఉన్నాయి (కొత్త జిల్లాలు వచ్చాక పాత జిల్లా పేరే మిగిలిపోయిన ప్రొఫైళ్లు ఉంటాయి, బదిలీ అయినవాళ్లవి మరీను)
- పాస్‌వర్డ్ డైరీలో రాసుకున్నాను
- ఫోన్‌లో ఖాళీ ఉంది, యాప్ అప్‌డేట్ అయింది

4. టైమ్ ఎక్కడిది?

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచర్‌కు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలి. వినడానికి కొండంత అనిపిస్తుంది, వారానికి గంట చొప్పున వేసుకుంటే 52 అవుతుంది. నేరుగా వెళ్లే శిక్షణలు పోగా ఆన్‌లైన్‌కు మిగిలేది ఇంకా తక్కువే.

అసలు చిక్కు గంటలతో కాదు, నెలలతో. జూన్, జూలైలో అడ్మిషన్లు, కిట్లు, ఎన్‌రోల్‌మెంట్, రకరకాల యాప్‌లలో ఎంట్రీలు. అప్పుడు కొత్త కోర్సు మొదలుపెట్టొద్దు. ఆగస్టు, సెప్టెంబరు మంచి కాలం, నేర్చుకున్నది వెంటనే తరగతిలో పెట్టి చూసే వీలుంటుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు దొరుకుతాయి కానీ ఆ ఎండలో ఇల్లు చేరేసరికి ఏం చూసినా తలకెక్కదు. సాయంత్రానికి పెట్టుకోండి. వేసవి సెలవుల్లో వీడియోలు హాయిగా చూడొచ్చు, అయితే ఎదురుగా పిల్లలుండరు. కాబట్టి సెలవుల్లో విషయం చదువుకునే కోర్సులు, బడి నడిచే రోజుల్లో పద్ధతులు నేర్పే కోర్సులు పెట్టుకుంటే సరి.

కర్నూలు నుంచి కోడుమూరు, అనంతపురం నుంచి కళ్యాణదుర్గం, కడప నుంచి పులివెందుల అంటూ రోజూ తిరిగే టీచర్లు బస్సులో చూద్దామనుకుంటారు. ఊరు దాటాక సిగ్నల్ ఎక్కడ పోతుందో మీకే బాగా తెలుసు. రాత్రి ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని బస్సులో వినండి. వినడం వరకే, అసెస్‌మెంట్ మాత్రం ఎప్పుడూ బస్సులో తెరవొద్దు.

5. చూసే పద్ధతి

వీడియో పెట్టి ఫోన్ పక్కన బోర్లా పడేసి వంట చేసుకునే పద్ధతి అందరికీ తెలుసు. శాతం పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. తప్పనిసరి శిక్షణను ఆఖరి వారంలో ఒకేసారి నెత్తిన పడేస్తే ఎవరైనా అదే చేస్తారు, ఆ తప్పు టీచర్లది మాత్రమే అని నేను అనను. కానీ ఈ కోర్సు మీ అంతట మీరు ఎంచుకున్నారు కదా.

ఒక లాంగ్ నోటుబుక్ పెట్టుకోండి. ప్రతి మాడ్యూల్‌కు మూడే వాక్యాలు:

- ఇందులో నాకు కొత్తగా తెలిసిందేంటి?
- ఏది నా బడిలో కుదరదు, ఎందుకు?
- ఈ వారంలో ఏం చేసి చూస్తాను?

రెండోది వదిలేయొద్దు. వీడియోలో పాతిక మంది పిల్లలు, గోడ నిండా చార్టులు, ప్రతి గ్రూపుకూ ఒక సామాన్ల డబ్బా కనిపిస్తాయి. మీ దగ్గర ఒకే గదిలో మూడు తరగతులు. ఇది మనకు కాదులే అని మూసేస్తే నష్టం మీకే. ఏ ముక్క కుదరదో విడిగా రాస్తే, కుదిరే ముక్క బయటపడుతుంది.

6. తరగతిలో ఒక్క మార్పు చేసి చూడండి

ఈ భాగం కోర్సులో ఉండదు, మార్కులూ ఉండవు. అందుకే అందరూ దాటేస్తారు. నా దృష్టిలో మిగతా అన్ని మెట్లూ దీనికోసమే.

పైన రాసుకున్న తీసివేత సంగతే తీసుకుందాం. 52లోంచి 27 తీసేయమంటే పిల్లాడు ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసి 5 రాస్తాడు, పదుల్లో 5లోంచి 2 తీసి 3 రాస్తాడు, జవాబు 35. వాడికి తీసివేత వచ్చు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని ఎక్కడో పట్టుకున్నాడు, దాన్నే నిజాయతీగా పాటిస్తున్నాడు. "పక్కింటికి పోయి అప్పు తెచ్చుకో" అని మనం పదిసార్లు చెప్పినా, ఆ పక్కిల్లు ఏంటో వాడికి అర్థం కాలేదు.

సంఖ్యాజ్ఞానం మాడ్యూల్లో వస్తువులతో మొదలుపెట్టమని చెబుతారు. సరే, చీపురు పుల్లలు తీసుకోండి, కందికట్టె ముక్కలైనా పర్వాలేదు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. కట్టలు కట్టేది పిల్లలే, మీరు కాదు. ఒక్కో కట్టలో పది ఉన్నాయని వాళ్ల చేతులకు తెలియాలి.

ఇప్పుడు 5 కట్టలు, 2 విడి పుల్లలు ముందు పెట్టి 27 ఇమ్మనండి. రెండు కట్టలు ఇవ్వడం సులువు. ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండే. ఇక్కడ మీరు నోరు మూసుకుని కూర్చోవాలి, ఇదే కష్టమైన మెట్టు. కాసేపు మొహమొహాలు చూసుకుంటారు, ఎవరో ఒకరు రబ్బరు బ్యాండు మీద చెయ్యి వేస్తారు. "ఇప్పొచ్చా సార్?" అని అడుగుతారు. ఇప్పమనండి. 4 కట్టలు, 12 విడి పుల్లలు అయ్యాయి. 7 పోతే 5, రెండు కట్టలు పోతే 2. జవాబు 25.

పుల్లలు తీసిన ప్రతిసారీ పక్కనే పలక మీద అంకెల్లో అదే పని రాయించండి. పుల్లలు ఈ రోజు, రాయడం రేపు అని పెడితే రెండూ రెండు వేరు పాఠాలైపోతాయి.

రెండు మూడు రోజుల తర్వాత చిన్న చీటీ మీద మూడు లెక్కలు ఇవ్వండి: 43 - 18, 61 - 24, 85 - 32. మొదటి రెండింట్లో 35, 43 అని రాసినవాళ్లు ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారు. మూడోదాన్ని ఊరికే పెట్టలేదు, దాంట్లో కట్ట విప్పాల్సిన పని లేదు. అక్కడ కూడా 8 కొట్టేసి 7 వేసినవాడు అప్పు తేవడం ఒక ఆచారంలా నేర్చుకున్నాడన్నమాట, వాడి చేతికి మళ్లీ పుల్లలు ఇవ్వండి.

నోటుబుక్‌లో పేర్లు, ముందు ఏం రాశారు, తర్వాత ఏం రాశారు అని రెండు నిలువు గడులు చాలు. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు గ్రూపుల్లో పెట్టకండి. చీటీల ఫొటో చాలు, పేరు మడిచి తీయండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు:

- ఒకే వారంలో నాలుగు కొత్త పద్ధతులు పెట్టడం. దేనివల్ల మారిందో తెలియదు.
- బల్ల ముందు టీచరే చేసి చూపించడం. పిల్లలకు అది ఇంకో వీడియో అవుతుంది.
- మొదటి రోజు గోల చూసి ఆపేయడం. సామాను కొత్త కాబట్టి మొదటి రోజు ఆడుకుంటారు, ఆడుకోనివ్వండి.
- ముందు పరిస్థితి రాసుకోకుండా మొదలుపెట్టడం. తర్వాత మారిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు.

7. అసెస్‌మెంట్

నిష్ఠ కోర్సుల్లో సర్టిఫికెట్‌కు చివరి అసెస్‌మెంట్‌లో 70 శాతం రావాలి, మూడుసార్లు రాయొచ్చు. వేరే కోర్సుల్లో లెక్క వేరేగా ఉండొచ్చు, మొదటి పేజీలో చూసుకోండి.

మొదటిసారి నోటుబుక్ దగ్గర పెట్టుకుని రాయండి. తప్పులు ఎక్కడ పోయాయో ఆ మాడ్యూల్‌కు వెళ్లి చూసి, మర్నాడు రెండోసారి రాయండి. ఎలా ఉంటుందో చూద్దామని తెరిచి మధ్యలో మూసేస్తే ఒక అవకాశం వృథా అయ్యే ప్రమాదం ఉంది.

గ్రూపుల్లో తిరిగే జవాబుల లిస్టుల గురించి కూడా చెప్పాలి. నీతి సంగతి పక్కన పెట్టినా, ప్రశ్నల వరుస మారితే "1-సి, 2-ఎ" అనే లిస్టు నిండా ముంచుతుంది.

8. ఎక్కువగా వచ్చే తంటాలు, వాటికి మందు

*అన్నీ చూశాను, 100 శాతం చూపించడం లేదు.* కోర్సు పేజీ తెరిచి ఒక్కో భాగం చూడండి, ఎక్కడో ఒక పీడీఎఫ్‌ను చివరి పేజీ దాకా జరపకుండా వదిలేసి ఉంటారు. నెట్ లేకుండా చూసినవాళ్లు వైఫై దగ్గర కోర్సు మెనూలో ప్రోగ్రెస్ సింక్ నొక్కండి. అప్పటిదాకా యాప్ తీసేయకండి, తీసేస్తే సింక్ కాని పనంతా పోతుంది.

*100 శాతం అయింది, సర్టిఫికెట్ లేదు.* మార్కుల షరతు దాటారా చూడండి. దాటితే కొన్ని రోజులు ఆగండి, అదే రోజు రావాలని లేదు. తర్వాత ప్రొఫైల్‌లో లెర్నర్ పాస్‌పోర్ట్ దగ్గర వెతకండి.

*అక్కడా లేదు.* వేరే ఖాతాతో చేశారేమో చూసుకోండి. కాదంటే 100 శాతం కనిపించే స్క్రీన్‌షాట్, కోర్సు పేరు, బ్యాచ్ తేదీలతో యాప్‌లోని సహాయ విభాగానికి రాయండి. "సర్టిఫికెట్ రాలేదు, చూడండి" అని మాత్రమే పంపితే జవాబు కూడా అంతే పొడిగా వస్తుంది.

*చివరి తేదీ దాటిపోయింది.* ఆ బ్యాచ్ అయిపోయినట్టే. కొత్త బ్యాచ్ వస్తే మళ్లీ చేరాలి. పాత బ్యాచ్‌లో చేసిన పని కొత్తదాంట్లోకి వస్తుందని నమ్ముకోకండి. కాబట్టి చివరి తేదీకి వారం ముందు రోజునే మీ చివరి తేదీగా క్యాలెండర్‌లో రాసుకోండి, ఆఖరి రెండు రోజులు అందరూ ఒకేసారి ఎగబడేసరికి సైటు నత్తనడక నడుస్తుంది.

9. కాగితాలు, కాంప్లెక్స్ మీటింగ్

సర్టిఫికెట్ వచ్చిన రోజే పీడీఎఫ్ దించుకుని డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌కు ఒకటి పంపుకోండి. ఫైల్ పేరులో కోర్సు, నెల, సంవత్సరం ఉండాలి. "డౌన్‌లోడ్ (14)" అనే పేరుతో ఉంటే ఆఫీసు నుంచి సాయంత్రం 5 లోపు పంపమని మెసేజ్ వచ్చిన రోజు టెన్షన్ తప్పదు.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో మాట్లాడే అవకాశం వస్తే కోర్సు సారాంశం చెప్పొద్దు, అది అందరి ఫోన్లలోనూ ఉంది. ఆ తీసివేత చీటీలు ఒక పది పట్టుకెళ్లండి, ముందువి, తర్వాతవి. 85 - 32 దగ్గర అప్పు తెచ్చిన పిల్లల చీటీలు కూడా అందులో ఉండాలి. వాటిని చూపించి మీ పిల్లలు ఇక్కడ ఏం రాస్తారు అని పక్క బడి టీచర్లను అడగండి, తర్వాత ఏ మాడ్యూల్ ఎంచుకోవాలో ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.